చిన్న ట్రావెల్ ట్రైలర్‌లో ఏడాది పొడవునా నివాసం: ముందు ఏది పాడవుతుంది, ముందు ఏది మార్చాలి?

1. కొత్తగూడు

బండి వివరాలు: పెట్టె పొడవు 5 మీటర్లు, ఒకటే ఇరుసు. ఖాళీ బరువు 1150 కిలోలు, అనుమతించిన గరిష్ఠ బరువు 1600. మంచినీళ్ల ట్యాంకు 100 లీటర్లు, వాడిన నీళ్లది 70, గీజరు 23, క్యాసెట్ టాయిలెట్ (మలినాల డబ్బాను బయటికి లాగి ఖాళీ చేసే రకం) 18. గ్యాస్ 9 కిలోల సిలిండర్లు రెండు. ముందు దూలం మీద 100 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలు రెండు, పైన 200 వాట్ల సోలార్ ప్యానెల్ ఒకటి. 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్, గ్యాస్ హీటర్, పైకప్పు ఫ్యాన్ ఉన్నాయి.

ఇద్దరు మనుషులు, రెండు ల్యాప్‌టాప్‌లు, ఏడాదంతా ఇందులోనే. ఇలాంటి బండ్లను అప్పుడప్పుడు నాలుగు రాత్రులు గడపడానికి కడతారు కదా, రోజూ కాపురం చేస్తే ముందుగా దెబ్బతినేది ఏది? దేన్ని ముందు మార్చుకోవాలి? కొలతలతో చెప్పగలిగితే మేలు.

2. గవాక్షం

ముందు దెబ్బతినేది గోడ, పరుపు. కారణం తేమ. సోలార్ సంగతి తర్వాత చూసుకోవచ్చు, దీన్ని మాత్రం మొదటి రాత్రి నుంచే పట్టించుకోవాలి.

లెక్క చూడండి. 5 మీటర్ల పెట్టెలో గాలి సుమారు 20 ఘనపు మీటర్లు. 20 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి ఎంత తాగినా 17 గ్రాముల నీటి ఆవిరినే మోయగలదు. అంటే బండి మొత్తంలో గాలి పట్టుకోగలిగేది 350 మిల్లీలీటర్లు, అంతే. ఇద్దరు మనుషులు ఒక్క రాత్రి ఊపిరితో, చెమటతో వదిలేదే అర లీటరు పైమాటగా ఉంటుంది. 2 కిలోవాట్ల బర్నర్ గంట మండితే దాదాపు 150 గ్రాముల గ్యాస్ కాలుతుంది, అందులోంచి పావు లీటరు నీరు పుడుతుంది (కిలో ప్రొపేన్ కాలితే కిలో ఆరు వందల గ్రాముల నీరు). తడి బట్టలు లోపల ఆరేస్తే ఇంకో లీటరున్నర. ఇదంతా బయటికి పోకపోతే ఎక్కడ చల్లగా ఉంటే అక్కడ నీరై దిగుతుంది.

ఎంత చల్లగా ఉంటే దిగుతుంది? లోపల 20 డిగ్రీలు, తేమ 60 శాతం ఉంటే 12 డిగ్రీల కంటే చల్లటి ప్రతి తలమూ తడుస్తుంది. అదే తేమ 50 శాతానికి తగ్గితే ఆ హద్దు 9 డిగ్రీలకు జారుతుంది. చలికాలంలో ఈ తేడా ఒక్కటే బూజు పట్టే గోడకీ పట్టని గోడకీ మధ్య తేడా. తేమ మీటరు ఒకటి తలగడ దగ్గర, ఒకటి పరుపు కింద పెట్టండి. పరుపు కింద 60 దాటనివ్వొద్దు.

చేయాల్సినవి:

పైకప్పు వెంట్ 2–3 సెంటీమీటర్లు, దానికి ఎదురు చివరన ఉన్న కిటికీ ఒక వేలి మందం, రాత్రంతా తెరిచే ఉంచాలి. ఒక్కటే తెరిస్తే గాలి కదలదు. వంట, స్నానం జరుగుతున్నంతసేపూ, ఆ తర్వాత 15 నిమిషాలూ ఫ్యాన్ బయటికి లాగే వైపు తిరగాలి.

పరుపును ప్లైవుడ్ మీద నేరుగా వేసి పడుకుంటే ఒంటి వేడి ఆవిరిని కిందికి నెడుతుంది, ప్లైవుడ్ కింద చల్లటి అర ఉంటుంది, నీరు ఆ రెంటి మధ్య దిగుతుంది. చెక్క పట్టీలు వేసి 3–5 సెంటీమీటర్ల గాలి సందు ఇవ్వండి. ప్లైవుడ్‌కి కంతలు చేయడం కొంత మేలే గానీ పట్టీలంత పనిచేయదు.

బయటి గోడకు ఆనుకున్న అల్మారాల్లో సామాను గోడకు తగలకుండా 2 సెంటీమీటర్లు వదలండి. తలుపుకి పైన ఒకటి, కింద ఒకటి గాలి కంతలు పెట్టండి.

కిటికీలకు మెరిసే ఫోమ్ అట్టలు పెడితే వేడి నిలుస్తుంది, కానీ అట్ట వెనక అద్దం ఇంకా చల్లబడి నీరు కారుతుంది. పొద్దున్నే తీసి తుడవాలి. తీయకుండా వారం వదిలేస్తే కిటికీ చట్రం కింది చెక్క నల్లబడుతుంది.

3. కొత్తగూడు

కృతజ్ఞతలు గవాక్షం గారూ. ఈ లెక్క ఎక్కడా చూడలేదు. చిన్న డీహ్యుమిడిఫైయర్ (గాలిలో తేమ తీసే యంత్రం) పెడితే కిటికీ మూసుకోవచ్చా?

4. గవాక్షం

మూసుకోకూడదండి. తేమ సంగతి అలా ఉంచి, గ్యాస్ వాడే చోట గాలి మార్గాలు మూయడం ప్రాణాల మీదికి వస్తుంది. నేలలో, తలుపు కింద కట్టేటప్పుడే పెట్టిన జాలీలకు టేపు, గుడ్డ అడ్డం పెట్టొద్దు.

ఇక యంత్రం విషయం. అరచేతిలో పట్టే పెల్టియర్ రకం రోజుకు పావు లీటరు తీస్తే గొప్ప, ఇద్దరున్న బండికి చాలదు. క్యాల్షియం క్లోరైడ్ డబ్బాలు మూసిన అల్మారాకే. కంప్రెసర్ రకం నిజంగా పనిచేస్తుంది, 200–300 వాట్లు తీసుకుంటుంది, కానీ 15 డిగ్రీల కంటే చల్లటి గదిలో దాని శక్తి బాగా పడిపోతుంది. చలిలో డెసికెంట్ (తేమ పీల్చే పదార్థంతో పనిచేసే) రకం నయం, అయితే కరెంటు దాదాపు రెండింతలు. బయటి కరెంటు తీగ ఉన్నప్పుడే వీటి ఆలోచన.

5. సీలెంటు

గవాక్షం గారు చెప్పిన తేమ లోపల పుట్టేది. బయటినుంచి వచ్చేదాన్ని దానితో కలిపి చూడొద్దు, మందు వేరు. ఉదయం కిటికీ అంచుల్లో సమంగా కనిపించి మధ్యాహ్నానికి ఆరిపోయేది ఊపిరి నీరు. వాన తర్వాత ఒక మూలలోనే కనిపించి, గోధుమరంగు చార వదిలేది లీకు. అల్మారాల లోపలి పై మూలలు, పైకప్పు వెంట్ చుట్టూ, ముందు కిటికీ కింద, చక్రాల గూళ్ల దగ్గర బొటనవేలితో నొక్కుతూ వెళ్లండి. మెత్తగా దిగితే చెక్క పోయినట్టే. పిన్నుల తేమ మీటరు ఉంటే 15 శాతం లోపు నిశ్చింత, 20 దాటితే వెతకాలి.

లీకు చోటు దొరక్కపోతే పైకప్పు వెంట్‌లో బ్లోయర్ బిగించి, మిగతా కిటికీలు మూసి, లోపలికి గాలి నెట్టండి. బయట ప్రతి అతుకు మీదా సబ్బునీళ్లు చల్లితే లీకున్నచోట బుడగలు లేస్తాయి. రెండు మూడు గంటల పని, కానీ ఊహల మీద సీలెంటు పూయడం కంటే ఎంతో మేలు.

సిలికాన్ మాత్రం పూయొద్దు. సిలికాన్ ఎండాక దాని మీద ఏదీ అతుక్కోదు, రెండోసారి సిలికాన్ కూడా. మూడేళ్లకు అంచు లేచాక దాన్ని గీకి తీయడం కొత్తగా వేయడం కంటే నాలుగింతల పని. పైకప్పు మీద తనంతట తాను పరుచుకునే ల్యాప్ సీలెంటు, నిలువు గోడల మీద జారని రకం, చట్రాల అంచు కింద బ్యుటైల్ టేపు. ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వాలి. నిత్యం నివసించే బండికి మూడు నెలలకోసారి పైకెక్కి ప్రతి స్క్రూ తల, ప్రతి అతుకు చూడాలి. వెంట్రుకవాసి చీలిక చాలు, బండి కదిలేటప్పుడు అది నోరు తెరుస్తుంది.

6. ఆంపియర్

కరెంటు లెక్క నాది. మీరు చెప్పిన సామాను రోజుకు ఎంత తింటుందో చూద్దాం:

ఫ్రిజ్ 40 ఆంపియర్ అవర్లు, అంటే 480 వాట్ అవర్లు. ల్యాప్‌టాప్‌లు ఒక్కోటి 50 వాట్లు, 6 గంటలు, రెండూ కలిపి 600. పైకప్పు ఫ్యాన్ 2 ఆంపియర్లు, 10 గంటలు, 240. దీపాలు 60. నీళ్ల పంపు పావుగంట, 20 లోపే. ఇంటర్నెట్ రౌటర్ 10 వాట్లు, 16 గంటలు, 160. గ్యాస్ డిటెక్టర్, హీటర్ బోర్డు, రేడియో గడియారం లాంటివి ఎవరూ లెక్కించరు, కలిపి 0.3 ఆంపియర్లే గానీ 24 గంటలు, అదొక 86. మొత్తం దాదాపు 1650. ఇన్వర్టర్ నష్టం కలిపితే 1720.

లెడ్ యాసిడ్ బ్యాటరీని సగం కంటే కిందికి దించుతూ ఉంటే ఆయుష్షు వేగంగా పోతుంది. కాబట్టి మీ రెండు బ్యాటరీల్లో వాడుకోదగింది 100 ఆంపియర్ అవర్లు, 1200 వాట్ అవర్లు. ఒక రోజు కూడా గడవదు. అంతకంటే చెడ్డది, రోజూ పూర్తిగా నిండకపోతే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. 200 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో రోజుకు 700 ఇస్తుంది. అంటే మీ బ్యాటరీలు ఎప్పటికీ నిండవు. చాలా బండ్లలో బ్యాటరీ ఏడాదికే పోవడానికి కారణం ఈ రోజువారీ అరకొర చార్జింగే, బ్యాటరీ నాణ్యత కాదు.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ 100 ఆంపియర్ అవర్లవి రెండు పెడితే 2560 వాట్ అవర్లు, అందులో 2200 దాకా ధైర్యంగా వాడుకోవచ్చు. ప్యానెళ్లు: 1720ని 5 గంటల ఎండతోనూ, 0.7 సామర్థ్యంతోనూ భాగిస్తే 490 వాట్లు. 200 వాట్లవి మూడు వేయండి. 600 వాట్లకు 50 ఆంపియర్ల ఎంపీపీటీ కంట్రోలర్ (ప్యానెళ్ల నుంచి వీలైనంత శక్తి రాబట్టి బ్యాటరీని నింపే పెట్టె) కావాలి.

చలికాలంలో ఎండ రెండున్నర గంటలకు పడిపోయే చోట దాదాపు 1000 వాట్లు కావాలి, అన్ని ప్యానెళ్లకు పైకప్పు సరిపోదు. అక్కడ లాగే బండి ఆల్టర్నేటర్ నుంచి 30 ఆంపియర్ల డీసీ–డీసీ చార్జర్ పెట్టుకోండి: రెండు గంటల ప్రయాణానికి 60 ఆంపియర్ అవర్లు. హిచ్ (లాగే బండికి ట్రైలర్‌ను తగిలించే కొక్కెం) దగ్గరి ప్లగ్గులోని సన్నటి తీగ మీద ఆధారపడొద్దు. అందులో వోల్టేజీ పడిపోయి బ్యాటరీకి చేరేది నామమాత్రం.

7. కొత్తగూడు

ఆంపియర్ గారూ, 2000 వాట్ల ఇన్వర్టర్ సరిపోతుందా? పాత చార్జర్ అలాగే ఉంచొచ్చా?

8. ఆంపియర్

2000 వాట్లు నిండుగా లాగితే 12 వోల్టుల వైపు 175–180 ఆంపియర్లు. దానికి 70 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్, బ్యాటరీకి జానెడు దూరంలోపే 250 ఆంపియర్ల క్లాస్ టీ ఫ్యూజు. లిథియం షార్టయితే వేల ఆంపియర్లు వదులుతుంది, మామూలు ఫ్యూజు ఆ ప్రవాహాన్ని తెంపలేక ఆర్క్‌తో మండుతూ ఉండిపోవచ్చు. రెండు బ్యాటరీల లోపల వాటిని కాపాడే సర్క్యూట్లు, అంటే బీఎంఎస్‌లు ఒక్కోటి 100 ఆంపియర్లు నిరంతరం ఇచ్చేవే అయి ఉండాలి. సమాంతరంగా కలిపేటప్పుడు ప్లస్ ఒక బ్యాటరీ నుంచి, మైనస్ రెండో బ్యాటరీ నుంచి తీయండి, లేకపోతే ఒకటే ఎక్కువ పని చేస్తుంది.

అయితే ఇన్వర్టర్ ఖాళీగా ఆన్‌లో ఉన్నా 10–20 వాట్లు తింటుంది, రోజంతా వదిలేస్తే 240 నుంచి 480. అంటే ఒక ఫ్రిజ్‌తో సమానం! ల్యాప్‌టాప్‌లను 12 వోల్టుల యూఎస్‌బీ–సీ చార్జర్లతోనే నడపండి, ఇన్వర్టర్‌కి చేతికందే స్విచ్ పెట్టండి.

పాత చార్జర్ మార్చాలి. 13.6 దగ్గర ఆగిపోయే రకంతో లిథియం చివరిదాకా నిండడానికి బాగా ఆలస్యమవుతుంది, సెల్స్ సమం కావు. 14.2 నుంచి 14.6 ఇచ్చేది తీసుకోండి.

ఇంకో ముఖ్యమైన మాట. సున్నా డిగ్రీల కింద లిథియం బ్యాటరీని చార్జ్ చేయకూడదు. అయాన్లు లోపలికి దూరలేక లోహంగా పేరుకుంటాయి, ఆ నష్టం తిరిగి రాదు. వాడుకోవడానికి పర్వాలేదు, నింపడమే కూడదు. చలికి చార్జింగ్ ఆపేసే బీఎంఎస్ ఉన్నది ఎంచుకుని, బ్యాటరీలను బండి లోపలికి తెచ్చుకోండి.

9. నీలిమంట

గ్యాస్ గురించి ఎవరూ అనలేదు. 6 కిలోవాట్ల హీటర్ మండినంతసేపూ గంటకు 420 గ్రాములు. రాత్రి మొత్తం మీద 8 గంటలు మండితే 3.4 కిలోలు, 9 కిలోల సిలిండర్ మూడు రాత్రులు రాదు. ఫ్యాన్ 4 ఆంపియర్ల చొప్పున 32 ఆంపియర్ అవర్లు అదనం, ఆంపియర్ గారి పట్టికలో చలికాలానికి ఇది కలుపుకోండి. గోడల్లో వేడి పోయే దారులు తగ్గించడం ఇంకో సిలిండర్ మోయడం కంటే చవక: పైకప్పు వెంట్లకు ఫోమ్ దిండ్లు (గవాక్షం గారు చెప్పిన సందు వదిలి), నేలకు మందపాటి పరుపు, తలుపు రబ్బరు మార్పు.

చలి ప్రాంతంలో సిలిండర్‌లో ఏముందో అడిగి తీసుకోండి. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దాకా ఆవిరవుతుంది. బ్యూటేన్ సున్నా దగ్గరే ఆగిపోతుంది. సిలిండర్ బరువుగానే ఉండి మంట రావడం లేదంటే చాలాసార్లు సంగతి ఇదే, రెగ్యులేటర్ కాదు.

వేడి కోసం పొయ్యి వెలిగించొద్దు, పొగ గొట్టం లేని గ్యాస్ హీటర్ పెట్టొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. దాని అలారం పడుకునే ఎత్తులో, గ్యాస్ లీకు అలారం నేలకు దగ్గరగా ఉండాలి, ప్రొపేన్ గాలికంటే బరువు కాబట్టి కిందే పేరుకుంటుంది. రెండిటి వెనకా గడువు తేదీ ఉంటుంది. టెస్ట్ బటన్ మోగినంత మాత్రాన లోపలి సెన్సర్ బతికి ఉందని కాదు.

నెలకోసారి అన్ని బిగింపుల మీదా సబ్బునీళ్లు. బుడగ కనిపిస్తే సిలిండర్ కట్టేశాకే పానా ముట్టుకోవాలి. అత్యవసర కిటికీ కూడా అదే రోజు ఒకసారి తెరిచి చూడండి, రబ్బరు అతుక్కుపోయి ఉంటుంది.

10. బిందె

నీళ్ల వైపు మీకు తక్కువ పడేది మంచినీళ్లు కాదు, వాడిన నీళ్ల ట్యాంకు. పొదుపుగా వాడితే ఇద్దరికి రోజుకు 25 లీటర్లు, అంటే 100 నాలుగు రోజులు వస్తాయి, 70 మూడో రోజుకే నిండుతుంది. షవర్ నిమిషానికి 6 లీటర్లు, చేతి దగ్గర ఆపే మీట ఉన్నది పెట్టండి. రెండు నిమిషాల నీటితో స్నానం అయిపోవాలి. గిన్నెలు కడిగే ముందు కాగితంతో తుడిచేయండి. ఆ ట్యాంకు కంపుకి మూలం జిడ్డే.

ప్రయాణం తర్వాత బండిలో మురుగు వాసన వస్తే ట్యాంకుని అనుమానించకండి. సింకు కింద వంపు గొట్టంలో నిలవాల్సిన నీరు కుదుపులకు చిమ్మిపోయి ఉంటుంది. ఒక్కో కంతలో అర లీటరు పోస్తే తగ్గుతుంది.

ట్యాంకు శుద్ధి ఆరు నెలలకోసారి: గీజరుకి బైపాస్ తిప్పాలి, ఫిల్టర్ గుళిక తీసేయాలి. సువాసన లేని 5 శాతం బ్లీచ్, 100 లీటర్లకు 100 మిల్లీలీటర్లు. బకెట్ నీళ్లలో కలిపి పోసి ట్యాంకు నింపి, ప్రతి కుళాయినీ వాసన వచ్చేదాకా తెరిచి, 12 గంటలు వదిలేయాలి. తర్వాత రెండుసార్లు నింపి ఖాళీ చేయాలి.

పంపు ఎవరూ వాడకుండానే నాలుగైదు నిమిషాలకోసారి గుర్‌మంటుంటే ఎక్కడో కారుతోంది. పంపు తర్వాతి వాల్వు మూసి చూడండి. ఇంకా మోగితే పంపు లోపలి చెక్ వాల్వు (నీరు వెనక్కి రాకుండా ఆపేది) పోయినట్టు, ఆగిపోతే లైన్లో లీకు. దీన్ని వదిలేస్తే నేల చెక్క పోతుంది.

బయటి కుళాయికి తగిలించేటప్పుడు 3 బార్ల ప్రెషర్ రెగ్యులేటర్ తప్పనిసరి, కుళాయి దగ్గరే పెట్టాలి, బండి దగ్గర కాదు. పైపు కూడా రక్షణలోకి వస్తుంది. క్యాసెట్ టాయిలెట్ రబ్బరుకి సిలికాన్ గ్రీజు రాయండి, పెట్రోలియం జెల్లీ రబ్బరుని ఉబ్బించి పాడుచేస్తుంది. 18 లీటర్లు ఇద్దరికి రెండు మూడు రోజులు. అందుకే రెండో క్యాసెట్ ఒకటి కొని ఉంచుకుంటే ఖాళీ చేసే చోటు దొరకనప్పుడు గాబరా ఉండదు.

11. ఇరుసు

పై వాళ్లంతా సామాను పెంచుతున్నారు, మోసేది ఒకే ఇరుసు అని మరవొద్దు. 1150లో గ్యాస్, బ్యాటరీ, నీళ్లు ఉండవు. సిలిండర్లు నిండుగా 34, లెడ్ యాసిడ్ బ్యాటరీలు 56, గీజరు 23, ట్యాంకు 100. మొత్తం 1363. మనుషుల బతుకంతా 237 కిలోల్లో ఇమడాలి. వాడిన నీళ్ల ట్యాంకు నిండుగా ఉండగా మంచినీళ్లు కూడా నింపి బయల్దేరితే ఇంకో 70. పారబోశాకే కదలండి.

లారీల కాటా మీద రెండు తూకాలు వేయండి: తగిలించి ఉండగా ట్రైలర్ చక్రాలు మాత్రమే, తర్వాత విప్పి ట్రైలర్ మొత్తం. తేడాయే హిచ్ మీద పడే బరువు. అది మొత్తంలో 10 నుంచి 15 శాతం ఉండాలి (యూరప్ తరహా తేలికపాటి బండ్లకు తక్కువ, వాటి పుస్తకంలోని హద్దే పాటించాలి). 10 కంటే తగ్గితే వేగంలో వెనక భాగం పాములా ఊగడం మొదలవుతుంది.

టైరు పక్క గోడ మీద నాలుగంకెల తేదీ ఉంటుంది: 2319 అంటే 2019లో 23వ వారం. గీత ఎంత ఉన్నా ఐదారేళ్లకు మార్చేయండి, ట్రైలర్ టైరు అరిగి కాదు, ఎండకు లోపల విడిపోయి పేలుతుంది. బేరింగులకు ఏడాదికోసారి లేదా 20 వేల కిలోమీటర్లకు కొత్త గ్రీజు. చక్రం విప్పి బిగించాక 80 కిలోమీటర్లకు నట్లు మళ్లీ టార్క్ పానాతో చూడాలి. ఆగినప్పుడల్లా రెండు హబ్బుల మీదా చెయ్యి దగ్గరగా పెట్టండి, ఒకటి రెండోదానికంటే బాగా వేడిగా ఉంటే అక్కడే ఆగండి.

నిలిపేటప్పుడు అడ్డంగా రసమట్టం చూసి చక్రం కింద పలక ఎక్కించడం, ఆపై చక్రాలకు అడ్డుకట్టలు, తర్వాతే హిచ్ విప్పడం, చివర ముందు జాకీతో నిడివి సరిచేయడం. మూలల్లోని స్టాండ్లు కుదుపు ఆపడానికే. వాటితో బండిని ఎత్తితే చట్రం వంగి తలుపు పట్టేస్తుంది.

12. కొత్తగూడు

అందరికీ నమస్కారాలు. చూసిన తూకం: మంచినీళ్లు ఖాళీగా 1450, హిచ్ మీద 165. ఇప్పుడు అనుకుంటున్నది: లెడ్ యాసిడ్ తీసేసి 24 కిలోల లిథియం జత వెనక మంచం కింద, ఇరుసుకు మీటరున్నర వెనక. చలి తగలదు, ఇన్వర్టర్ పక్కనే. 40 కిలోల పనిముట్ల పెట్టె కూడా అక్కడే ఉంది. నీళ్ల ట్యాంకు ఇరుసుకు 1.2 మీటర్లు వెనక. ఇరుసు నుంచి హిచ్ 4 మీటర్లు. ఇరుసు గారూ, సరేనా?

13. ఇరుసు

వద్దండి. దూలం మీద, ఇరుసుకు 3.5 మీటర్ల ముందున్న 56 కిలోలు హిచ్ మీద 49 మోపుతున్నాయి. అవి పోయి, కొత్తవి వెనక్కి వెళ్తే ఇంకో 9 తగ్గుతుంది. 165 కాస్తా 107. మొత్తం 1418లో ఏడున్నర శాతం. ట్యాంకు నింపితే ఇంకో 30 పోయి 77, అంటే 1518లో 5 శాతం. ఈ బండిని రోడ్డెక్కించకూడదు.

బ్యాటరీలను లోపలే, ముందు బల్ల సీటు కింద పెట్టండి, ఇరుసుకు 2 మీటర్లు ముందు. ఇన్వర్టర్ కూడా అక్కడికే, కేబుల్ పొడవు పెంచొద్దు. పనిముట్ల పెట్టెను ముందు అరలోకి, రెండున్నర మీటర్ల దగ్గరికి మార్చండి. అప్పుడు హిచ్ మీద 168, ట్యాంకు ఖాళీగా 11.8 శాతం. సగం నీళ్లతో 153, 10.4 శాతం. నిండా పోస్తే 9కి జారుతుంది కాబట్టి ప్రయాణానికి 50 లీటర్లు దాటొద్దు, దిగే చోట నింపుకోండి.

14. ఆంపియర్

ఇరుసు గారి మాటకే నా ఓటు. ముందు సీటు కింద పెడితే ఆల్టర్నేటర్ తీగ కూడా పొట్టిదవుతుంది. సీటు అరకి రెండు గాలి కంతలు మరవొద్దు, ఇన్వర్టర్‌కి ఊపిరాడాలి.

15. ఇరుసు

బిగించాక మళ్లీ కాటాకి తీసుకెళ్లండి. పైన వేసింది టేపు కొలతల లెక్క, ప్యానెళ్ల బరువు అందులో లేదు. మూడు ప్యానెళ్లూ వెనక వైపుకే వేస్తే మళ్లీ తగ్గుతుంది.